అమ్మకు ఒత్తు పెట్టించడానికి మూడు నెలలు

నిన్న సాయంత్రం, అమ్మ పేర నాటిన చెట్టు దగ్గర నాలుగు మరలు బిగించి ఫలకం పెట్టారు. ఇంటికి రాగానే ఇది రాయడానికి కూర్చున్నాను. కోపం చల్లారితే సగం మరిచిపోతానని భయం.

మేముండేది అరిజోనాలో, ఫీనిక్స్ శివార్లలో. సొనోరన్ ఎడారి. ఏడాదికి సుమారు 180 మిల్లీమీటర్ల వాన, అంటే మా అనంతపురంలో పడేదానిలో మూడో వంతు. మా ఇంటి దగ్గర ఊరివాళ్లంతా కలిసి పెంచుకుంటున్న స్మారక వనం ఒకటుంది. దాని వెనక నుంచి సగువారో కాక్టస్‌ల మధ్యగా గుట్ట మీదికి కాలిబాట పోతుంది. అమ్మ ఇక్కడికి వచ్చిన ప్రతిసారీ, ఉన్న ఆరు నెలలూ పొద్దున్నే అక్కడికే నడక. మొదటి రోజే మెస్కీట్ చెట్టు కాయను విరిచి చూసి, "ఏమే, ఇంత దూరం వస్తే ఇక్కడా మన కంపచెట్టేనా!" అంది. ఆమె అన్నది నిజమే. మన సర్కారు తుమ్మా ఈ మెస్కీట్ జాతిదే. దసరాకు మొక్కే జమ్మి కూడా వీటికి దగ్గరి చుట్టం. మనం తిట్టుకునే చెట్టు కాయలను ఇక్కడి ఆదివాసులు దంచి, పిండి చేసుకుని తరతరాలుగా తిన్నారు.

అమ్మ పోయాక ఆమె పేర అక్కడొక చెట్టు నాటాలనుకున్నాను.

దరఖాస్తు సులభంగానే అయింది. వేప అడిగితే కుదరదన్నారు, ఈ ఎడారి జాతులే నాటాలట. అయితే మెస్కీటే ఇవ్వండి అన్నాను. గుంటలో అస్థికలు వేయకూడదన్నారు. అవి అప్పటికే కృష్ణలో కలిపి వచ్చాం. అక్టోబరు దాకా ఆగమన్న సలహా మాత్రం బంగారం. 2023లో ఇక్కడ వరుసగా 31 రోజులు ఎండ 43 డిగ్రీలు దాటింది. ఆ ఎండలో లేత మొక్క నిలుస్తుందా?

గుంట సంగతి కాస్త గొప్పగానే చెప్పుకుంటాను. రెండడుగుల లోతున కలీచీ తగిలింది. సున్నం గడ్డకట్టి సిమెంటులా మారిన పొర అది. సాయానికి వచ్చిన కుర్రవాళ్లు పారలు పక్కన పెట్టి నీళ్లు తాగుతూ కూర్చున్నారు. మా తాత బావులు తవ్విన మనిషి. యాభై ఏళ్ల ఆడదాన్ని, గునపం తీసుకుని గంటన్నరలో ఆ పొర పగలగొట్టాను. తరువాత గుంట నిండా నీళ్లు పోసి రాత్రంతా వదిలేయాలి. తెల్లారేసరికి ఇంకిపోతేనే మొక్క పెట్టాలి, లేకపోతే వేరు కుళ్లుతుంది. టూసాన్ దగ్గర ఒక గనిలో యాభై మీటర్లకు పైగా లోతున మెస్కీట్ వేరు కనబడిందట. అలాంటి చెట్టుకు ఆ మొదటి పొర దాటించడమే మన పని.

ఇక ఫలకం. "అమ్మ" అని తెలుగులో, కింద పేరు, సంవత్సరాలు ఇంగ్లీషులో. అంతే. నేను పంపిన కాగితంలో అంతా సరిగానే ఉంది. నవంబరులో చెక్కి తెచ్చిన పలక మీద మాత్రం "అమ్‌మ" అని ఉంది. ఒత్తు లేదు, నెత్తిన పొల్లు. చెక్కే యంత్రానికి తెలుగు కూర్పు తెలియక అక్షరాన్ని విడదీసి పెట్టింది. ఆఫీసులో ఆవిడ పక్కపక్కన పెట్టి చూసి, "అక్షరాలన్నీ వచ్చాయి కదా?" అంది. మళ్లీ చెక్కించాలంటే కమిటీ ముందు చెప్పుకోవాలట.

జనవరిలో ఆ సమావేశం. మాట్లాడటానికి మూడు నిమిషాలు. ఎదురుగా సమయం చూపే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు దీపాలు. అయిదుగురి ముందు నిలబడి ఒత్తు అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పాలి. "మీ W అక్షరాన్ని రెండు V అక్షరాలుగా చీల్చి చెక్కితే ఊరుకుంటారా?" అని అడిగాను. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన ఇదేమైనా మతానికి సంబంధించిన లిపా అని అడిగాడు. పసుపు దీపం వెలిగింది. నా గొంతు అప్పటికే వణుకుతోంది.

అప్పుడు వెనక వరుసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. మనవాడే. పండగలకు గుడిలో పులిహోర గంటె పట్టుకునేది ఆయనే. హమ్మయ్య అనుకున్నాను. "నాకు తెలుగు వచ్చు. ఇలా ఉన్నా అర్థమవుతుంది, దీనికి మళ్లీ ఖర్చు ఎందుకు?" అని మంచి ఇంగ్లీషులో చెప్పి కూర్చున్నాడు. ఎర్ర దీపం వెలిగింది. కమిటీ అంతా ఆయన వైపు కృతజ్ఞతగా చూసింది. నేను నా కాగితాలు ఏరుకుని బయటికి వచ్చి, కారులో కూర్చుని ఏడ్చాను. తెలియనివాళ్లు కాదంటే బాధ లేదు. పలక మీద అమ్మ ముక్కలై ఉంటే "అర్థమవుతుంది" అన్నవాడు అమ్మ అనే మాట పలుకుతూనే పెరిగాడు.

గట్టెక్కించింది చెక్కే ముసలాయనే. సంగతి తెలిసి ఆయనే ఫోను చేశాడు. ఒకసారి తన యంత్రం, కుడి నుంచి ఎడమకు రాసే హీబ్రూలోని సమాధి ఫలకాన్ని వెనక నుంచి ముందుకు చెక్కిందట, ఆ బాధ తనకు తెలుసన్నాడు. "అక్షరాలు పంపకండి, బొమ్మగా పంపండి" అన్నాడు. మా అబ్బాయి "అమ్మ"ను గీతలుగా మార్చి పంపాడు. యంత్రానికి అది ఏ భాషో తెలియదు, గీత వెంట పోతుందంతే. ముసలాయన రేకు ఖరీదు తప్ప ఒక్క డాలరు ఎక్కువ తీసుకోలేదు. సొంత ఖర్చయితే అనుమతి అక్కరలేదని ఆఫీసువాళ్లు అప్పుడు చెప్పారు! మీరు మొదటి రోజే ఆ ప్రశ్న అడగండి, అదీ రాతపూర్వకంగా. ఫోనులో చెప్పినవాళ్లు మరునాడు ఉండరు.

తప్పు పలక మా గ్యారేజీలో ఉంది. ఇక్కడ జమ్మి దొరకక దసరాకు మా పెరట్లోని మెస్కీట్ కొమ్మే పూజకు పెడతాం. కొమ్మ కోసం ఆ పెద్దమనిషి ఏటా మా ఇంటికే వస్తాడు. ఈసారి వచ్చినప్పుడు కొమ్మతో పాటు పలకా చేతిలో పెట్టి, పైకి చదవమంటాను.