దింపుడు కల్లం, పొద్దున తొమ్మిదింటికి

ఇంగ్లండులో ముసలివాళ్లను చూసుకునే మా కేర్ హోమ్‌లో పన్నెండో నంబరు గదిలో ఉండిన తొంభై ఒక్క ఏళ్ల ముసలమ్మ కన్నుమూసిన రాత్రి డ్యూటీలో ఉన్నది నేనే. నర్సు వచ్చి మరణాన్ని ధ్రువీకరించి వెళ్లాక, నేనూ నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆమే కలిసి గోరువెచ్చని నీళ్లతో ఆమె ఒళ్లు తుడిచి, తల దువ్వి, ఉతికిన నైటీ తొడిగాం; మణికట్టుకు పేరు రాసిన పట్టీ కట్టి, ఇక్కడి పాతకాలపు ఆనవాయితీ ప్రకారం కిటికీ రెక్క ఒకటి తెరిచి పెట్టాం. తెల్లారి నల్ల బండి వచ్చినప్పుడు ఆమెను దొడ్డిదారిన కాక ముందు వాకిలి గుండానే పంపాలన్నది మా మేనేజరు నియమం కాబట్టి, వంటమనిషితో సహా అందరం గుమ్మానికి అటూ ఇటూ నిలబడ్డాం. ఆ తర్వాత ఆమెకు అంత్యక్రియలంటూ ఏమీ జరగలేదు. ఎక్కడో దూరాన ఉన్న శ్మశానవాటికలో, అయినవాళ్లు ఒక్కరూ లేకుండా దహనం చేసి, బూడిదను మాత్రం కూతురికి అందజేస్తారని ఫైలులో రాసి ఉంది. డబ్బు ముందే కట్టి ఆ ఏర్పాటు చేసుకున్నది కూతురు కాదు, ఆమే.

దీన్ని ఇంగ్లండులో డైరెక్ట్ క్రిమేషన్ అంటారు. ప్రార్థన, పూలు, నల్ల కార్ల వరుస ఏవీ ఉండవు. మామూలుగా జరిపిస్తే 4,000 పౌండ్లు దాటే ఖర్చు దీనితో సుమారు 1,500 పౌండ్లకు దిగుతుంది. కోవిడ్ కాలంలో చాలామందికి తప్పనిసరైన ఈ పద్ధతిని ఇప్పుడు కావాలని ఎంచుకునేవాళ్లు పెరిగారు. నిజానికి ఈ దేశానికి దహనమే కొత్త. 1884లో వేల్స్‌లో విలియం ప్రైస్ అనే వైద్యుడు చనిపోయిన తన పసికొడుకును కొండ మీద దహనం చేయబోతే జనం అడ్డుపడ్డారు, పోలీసులు పట్టుకుపోయారు. అది నేరం కాదని కోర్టు తేల్చిన మరుసటి ఏడాదే వోకింగ్‌లో దహనాలు మొదలయ్యాయి, 1902లో చట్టం వచ్చింది. ఇప్పుడు ఇక్కడ నలుగురు పోతే ముగ్గురికి పైగా దహనమే. మా ఊళ్లోనేమో బొందపెట్టే ఇండ్లు సగం ఉంటాయి.

ఏర్పాటు తల్లిదే అయినా, ఆ రోజు నేను కూతురినే మనసులో తిట్టుకున్నాను. నెల తిరగక ముందే ఆమె మమ్మల్ని తన పెరటికి టీకి పిలిచింది. వచ్చినవాళ్లం పద్నాలుగు మందిమి. ఒక్కొక్కరం తల్లి గురించి ఒక మాట చెప్పాలని కోరింది. పొద్దుటి జావలో ఉప్పు వేయలేదని నా మీద అలిగి చెంచా కింద పడేసిన సంగతి నేను చెబితే అందరూ నవ్వారు, కూతురు మాత్రం నవ్వుతూనే ఏడ్చింది. తర్వాత బూడిదను గులాబీ మొక్క మొదట్లో కలిపారు. తిట్టుకున్నందుకు సిగ్గనిపించింది.

సిగ్గుపడడానికి నాకు ఇంకో కారణం ఉంది. మాది దామరచర్ల దగ్గరి ఊరు. మా తాత పోయినప్పుడు ఇంటికో కట్టె తెచ్చి పేర్చారని, మూడు రోజులు మా పొయ్యి వెలగకుండా పక్కింటివాళ్లే అన్నం పంపారని అమ్మ చెప్పేది. 2017లో మా నాయిన పోయేనాటికి ఆ కట్టెల స్థానంలో ఫ్రీజర్ పెట్టె, షామియానా, మూడు ఫ్లెక్సీలు, డప్పులు చాలవన్నట్టు బ్యాండు మేళం వచ్చి చేరాయి; పదకొండో రోజు దినాలకు ఆరు వందల మందికి మాంసంతో భోజనం పెట్టాం. వద్దనే ధైర్యం నాకు లేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన రెండు లక్షల అప్పు, నేను 2022లో ఇక్కడికి వచ్చాక మూడో జీతంతో గానీ తీరలేదు. ఆఖరి ఏడాది నాయిన మందులకు మేం అందులో సగం కూడా పెట్టలేదు. అప్పు తీరిందని ఫోనులో చెప్పినప్పుడు అమ్మ, "నా దినాలకు మల్ల అప్పు జేసినవంటే, ఆ ముద్ద పిట్టను ముట్టనియ్య కొడుకా" అంది.

ఇదంతా ఒకెత్తు, పోయిన చలికాలం ఇంకొకెత్తు. పెబ్బేరు దగ్గరి పిల్లవాడొకడు, వయసు ఇరవై ఆరు, గోదాములో రాత్రి పని చేసి వచ్చి పడుకుని లేవలేదు. హఠాత్తుగా పోయినందువల్ల, ఇలాంటి చావులకు కారణం తేల్చే అధికారి అయిన కరోనర్ విచారణ ముగిసి శవం చేతికి రావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. విమానంలో ఊరికి పంపాలంటే 4,000 పౌండ్ల దాకా అవుతుందన్నారు. తల్లి ముఖం చూడాలంది. వీసా కోసం చేసిన పన్నెండు లక్షల అప్పు నెత్తిన పడ్డ అన్న మాత్రం, "పెట్టెల వెట్టి తెస్తే అమ్మ మొకం జూస్తది గని, ఆ పైసలు ఎవలు గట్టాలె అన్నా? ఆడనే కానియ్యండ్రి" అన్నాడు. కట్టెల మీదే కదా అని కూడా అడిగాడు. నాలుగు గోడల మధ్య, పైకప్పు తెరిచి ఉన్న కట్టడంలో చితి పేర్చుకోవడం చట్టానికి విరుద్ధం కాదని 2010లో అప్పీలు కోర్టు ఒక హిందువు దావాలో చెప్పింది గానీ, మావాడు పోవాల్సింది గ్యాసు కొలిమిలోకే.

తక్కువ ధరకు దొరికే పొద్దున తొమ్మిది గంటల సమయం తీసుకున్నాం. ఎవరూ లేకుండా జరిగే పద్ధతికి మేమెవరం ఒప్పుకోలేదు. ఖర్చు ఎంతైనా తగ్గించవచ్చు గానీ మోసే భుజాలను తగ్గించకూడదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. చౌకరకం చెక్కపెట్టెను ఆరుగురం ఎత్తుకున్నాం. దారిలో పాడె దించి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచే దింపుడు కల్లం ఇక్కడ ఎలా అని ఎవరో అడిగారు. గుమ్మం ముందు పెట్టెను చక్రాల బల్ల మీదికి దించి, తల వైపు ఫోను పెట్టాం. పెబ్బేరు నుంచి అన్న పిలిచాడు. మూడోసారి గొంతు రాక, పక్కనున్న తల్లి పిలిచింది. శ్మశానవాటిక ఉద్యోగి తొందరపెట్టకుండా టోపీ తీసి నిలబడ్డాడు. లోపల కొలిమి మీట నొక్కింది నేను. వరుసకు నేనేమీ కాను.

మార్చిలో ఊరికి వెళ్తూ, దహన ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, భారత హైకమిషన్ అనుమతి పత్రం ఒక సంచిలో పెట్టుకుని, స్కానర్‌లో లోపలిది కనబడే ప్లాస్టిక్ డబ్బాను చేతి సామానులో తెచ్చాను. బరువు మూడు కిలోల లోపే. బీచుపల్లిలో కృష్ణ ఒడ్డున అన్న మూత తీసి, పాలు చల్లి, వేళ్లతో చాలాసేపు వెతికాడు. "బొక్కలేవన్నా?" అన్నాడు. ఇంగ్లండులో ఎముకలను యంత్రంలో వేసి పిండి చేసే ఇస్తారని నేను ముందే చెప్పి ఉండాల్సింది; మూడో రోజు ఏరుకోవడానికి చితిలో మిగిలే ముక్క ఒక్కటీ అందులో ఉండదు, ఇసుకలాంటి తెల్లటి పొడి తప్ప. అతను ఇంకేమీ అడగలేదు. నడుము లోతు నీళ్లలోకి దిగి డబ్బా వంచి, ఖాళీ అయ్యాక దాన్ని కూడా కడిగాడు. ఒడ్డుకు వచ్చి, డబ్బా మీద ఇంగ్లీషులో తమ్ముడి పేరూ నంబరూ ఉన్న చీటీని తడి వేళ్లతో చిరగకుండా మెల్లగా ఊడదీసి, ఎండకు ఆరబెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.