లారీ వెళ్తే లేచే కంప్యూటరు

పర్లాకిమిడిలో పాతపట్నం వెళ్లే రోడ్డు మీద మాదో చిన్న డీటీపీ షాపు. ముందు గదిలో షాపు, వెనక ఇల్లు. పెళ్లిళ్ల సీజన్లో తెలుగు, ఒడియా శుభలేఖల ఫైళ్లు బోలెడు తెరిచి ఉంటాయి. అవన్నీ మూసే ఓపిక లేక రాత్రి కంప్యూటరును సస్పెండ్‌లో పెట్టేవాణ్ణి, అంటే ఆపకుండా నిద్రపుచ్చేవాణ్ణి. తెల్లారేసరికి ఫ్యాను తిరుగుతూ ఉండేది. "నీ మిషను రాత్రుళ్లు నిద్దరోదేటిరా?" అనేది అమ్మ.

నా మిషనులో ఉన్నది విండోస్ కాదు, ఉబుంటు అనే ఒక రకం లైనక్స్. జర్నల్‌సీటీఎల్ కమాండుతో లాగ్, అంటే మిషను రాసుకునే చిట్టా, తీస్తే పడుకున్న టైము, లేచిన టైము ఉన్నాయి. ఎవరు లేపారో లేదు. నెట్‌వర్క్ కార్డేమో అని బయాస్ సెట్టింగుల్లో వేక్ ఆన్ ల్యాన్, అంటే నెట్‌వర్క్ నుంచి లేపే సదుపాయం, ఆపాను. లాభం లేదు.

తర్వాత ప్రాక్ అనే సిస్టమ్ ఫోల్డర్లోని ఏసీపీఐ వేకప్ ఫైలు తెరిచాను. సిస్టమ్‌ను లేపగల పరికరాల జాబితా అది. యూఎస్‌బీ కంట్రోలర్, అంటే ఎక్స్‌హెచ్‌సీ, ఎదురుగా 'ఎనేబుల్డ్' అని ఉంది. ఆ పేరును ఎకో కమాండుతో అదే ఫైల్లోకి పంపితే అది లేపడం ఆగిపోతుంది. పడిందో లేదో అని అనుమానం వచ్చి రెండోసారి కొట్టాను. అది లైటు స్విచ్చులాంటిదట, రెండోసారి కొడితే మళ్లీ ఆన్! ఆ రాత్రి కూడా లేచింది. యూఎస్‌బీ తప్పు కాదని తీర్మానించి, కొత్త పవర్ సప్లై ధర కూడా కనుక్కున్నాను. మర్నాడు ఫైలు మళ్లీ చూశాక గానీ నా తెలివి నాకు తెలియలేదు.

సరిగ్గా ఆపితే రాత్రంతా పడుకుంది. పొద్దున్న కీబోర్డు కొట్టినా లేవలేదు. మరి అదీ యూఎస్‌బీయే కదా.

ఆ రాత్రి మళ్లీ ఎనేబుల్ చేసి కాపలా కూర్చున్నాను. లోడు లారీ వెళ్లింది, టేబుల్ అద్దం అదిరింది, స్క్రీన్ వెలిగింది. మౌసు! మామూలుగా లైనక్స్ కీబోర్డుకే లేపే అనుమతి ఇస్తుంది, మౌసుకు ఇవ్వదు. కానీ నాది వైర్‌లెస్ జత, రెండింటికీ ఒకటే డాంగిల్, అంటే యూఎస్‌బీలో గుచ్చే బుల్లి రిసీవరు. అది 'నేను కీబోర్డును' అని చెప్పుకుని అనుమతి తీసుకుంటే, మౌసు దాని చాటున దూరింది.

డాంగిల్‌కు మాత్రం దాని పవర్ వేకప్ అనే సెట్టింగు ఫైల్లో 'డిసేబుల్డ్' రాశాను. రీబూట్ అయితే పోతుంది కాబట్టి ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండు చూపించిన వెండర్, ప్రోడక్ట్ నంబర్లతో యూడెవ్ రూలు, అంటే ఆ పరికరం కనబడగానే సెట్టింగు తనే వేసే రూలు, పెట్టాను. లేపడానికి పాత వైరు కీబోర్డొకటి తగిలించాను.

అమ్మకు ఇదంతా చెప్పాను. "ఆ మౌసుని బోర్లించీస్తే సరిపోయేది కదరా" అంది. బోర్లిస్తే, అడుగున ఆఫ్ స్విచ్చు కూడా ఉంది.