పామ్‌వాగ్ నుంచి సెస్‌ఫొంటేన్ దాకా కంకర దారిలో ఒక రోజు

పామ్‌వాగ్, నమీబియా. జూలై, గురువారం రాత్రి.

ఈరోజు మేము ఏ కనుమా ఎక్కలేదు, ఏ నదీ దాటలేదు. పొద్దున్నే బయలుదేరి, సీ43 అనే కంకర రోడ్డు మీద సుమారు వంద కిలోమీటర్లు ఉత్తరంగా సెస్‌ఫొంటేన్ దాకా వెళ్లి, అదే దారిన చీకటి పడేలోగా తిరిగి వచ్చాం. కొత్త ఫోర్‌ వీల్ డ్రైవ్ బండిని ఆఫ్రికాలో పరీక్షిస్తున్నామని తెలిసిన వాళ్లందరూ ఇంకా ఉత్తరాన కావోకోలాండ్‌లో ఉన్న వాన్ జిల్స్ పాస్ గురించే అడుగుతారు. రాతి మెట్ల మీద ఒక చక్రం గాలిలోకి లేచిన ఫొటో పంపమంటారు. ఆ కనుమ నిజంగానే కఠినమైనదని నేను ఒప్పుకుంటాను. అయితే అక్కడ బండి మనిషి నడక వేగంతో, మెల్లగా, బలంగా లాగే లో రేంజ్ గేరులో, ఒక్కొక్క రాయినీ ఆచితూచి దిగుతుంది. బండి ఆయుష్షును తేల్చేది రోజంతా విసుగు లేకుండా సాగే ఈ కంకర దారేనని ఇక్కడికి వచ్చిన నాటి నుంచీ నా నమ్మకం బలపడుతూనే ఉంది.

ఇది ఇక్కడ శీతాకాలం. తెల్లవారేసరికి చేతులు కొంకర్లు పోతున్నాయి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసి 26 పీఎస్‌ఐకి తగ్గించాం. తారు రోడ్డు మీద ఇదే బండికి 35 పెడతాం. వెనక తొట్టిలో ఇసుక బస్తాలతో 500 కిలోల బరువు కట్టాం. ఛాసిస్ కింద ముఖ్యమైన ప్రతి నట్టు మీదా, బోల్టు మీదా కలిపి ఒకే పసుపు గీత గీసి ఉంటుంది; సాయంత్రానికి ఆ గీత రెండుగా విడిపోతే నట్టు కదిలిందని అర్థం. నాలుగు షాక్ అబ్జార్బర్ల ఒంటికీ వేడిని కొలిచే తీగలు అంటించి, వాటిని అంకెలు నమోదు చేసే లాగర్‌కు కలిపాం. పామ్‌వాగ్ దగ్గర పశువుల వ్యాధులను అరికట్టడానికి వేసిన పొడవాటి కంచె ఉంది. దాని గేటు దాటి దక్షిణానికి వచ్చే వాళ్లు పచ్చి మాంసం వెంట తేకూడదు. తిరుగు ప్రయాణంలో ఆ తనిఖీకి కొంత సమయం పడుతుందని దాన్ని కూడా లెక్కలో వేసుకున్నాం.

ఈ రోడ్డు దూరం నుంచి చదునుగానే కనిపిస్తుంది. దాని మీద బండి ఎక్కాక మాత్రం సిమెంటు రేకుల కప్పు మీద నడుపుతున్నట్టు ఉంటుంది. దారికి అడ్డంగా, వరుసగా, దాదాపు సమాన దూరంలో ఏర్పడే ఈ అలలను ఎవరో చెడగొట్టడం వల్లనో, పని సరిగా చేయకపోవడం వల్లనో వచ్చినవిగా చాలామంది భావిస్తారు. నిజానికి చక్రం ఒక స్థాయి వేగాన్ని దాటి వదులు నేల మీద దొర్లితే చాలు, అతి చిన్న ఎగుడు దగ్గర ఎగిరి, పడిన చోట మట్టిని తవ్వి ముందుకు నెడుతుంది. తరువాత వచ్చే చక్రం ఆ కుప్ప మీద మరికొంచెం ఎగురుతుంది. స్ప్రింగు గానీ షాక్ గానీ లేని ఉత్త చక్రాన్ని ఇసుక మీద తిప్పినా ఇవే అలలు వస్తాయని ప్రయోగశాలల్లో చూపించారు. గ్రేడర్ వచ్చి దారిని చదును చేసినా, వాన తక్కువైన ఈ ప్రాంతంలో నేలను తడిపి గట్టిగా దిమ్మిస కొట్టే అవకాశం తక్కువ కాబట్టి, బండ్లు తిరగగానే అలలు మళ్లీ లేస్తాయి.

ఉదయం ఒకచోట దిగి టేపు పెట్టి కొలిస్తే అల నుంచి అలకు దూరం 75 సెంటీమీటర్ల దరిదాపుల్లో వచ్చింది. ఆ లెక్కన గంటకు 30 కిలోమీటర్ల వేగంలో చక్రానికి సెకనుకు పదకొండు దెబ్బలు తగులుతాయి. మా బండి వెనక యాక్సిల్‌కు దాని బరువును బట్టి, టైరు గట్టిదనాన్ని బట్టి తనంతట తాను ఊగే వేగం కూడా సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఊయల ఊపుతో మన తోపుడు కలిసినట్టు రెండూ కలిసిపోయి, డాష్‌బోర్డు ఊడి వస్తుందేమో అన్నంతగా బండి అదిరిపోతుంది. 70కి చేరేసరికి సెకనుకు ఇరవై ఆరు దెబ్బలు అవుతాయి; యాక్సిల్ అంత వేగంగా ఊగలేదు, చక్రం పల్లంలోకి దిగక అలల శిఖరాలనే తాకుతూ పోతుంది, లోపల కూర్చున్న వాళ్లకు హాయిగా ఉంటుంది. ఆ హాయి ప్రమాదకరమైనది. శిఖరాలను మాత్రమే తాకే చక్రానికి నేల మీద పట్టు బాగా తగ్గుతుంది కాబట్టి, మలుపు దగ్గర తొందరపడి బ్రేకు వేస్తే బండి వెనక భాగం పక్కకు జారిపోతుంది. పైగా ఆ వేగంలో ఒక్కొక్క చక్రానికి గంటకు తొంభై వేలకు పైగా దెబ్బలు. వాన్ జిల్స్ పాస్ మొత్తం దిగినా అందులో పిసరంత కూడా తగలవు.

దారి పొడవునా ఎర్రబారిన బసాల్టు రాళ్లే. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట, ఆఫ్రికా, దక్షిణ అమెరికా విడిపోతున్న కాలంలో పారిన లావా ఇది. మన ఆదిలాబాద్ వైపు కనిపించే దక్కన్ బసాల్టు వయసు దాదాపు ఇందులో సగం. ఇంట్లో చూసిన రాయినే ఇంత దూరంలో చూడడం నాకు సంతోషం కలిగించింది గానీ, దాని అంచులు టైరు పక్కగోడను కత్తిలా కోస్తాయి. టైర్లలో గాలి మరీ తగ్గించకపోవడానికి ఇదే కారణం.

సెస్‌ఫొంటేన్‌లో భోజనానికి ఆగినప్పుడు మా చుట్టూ ఉన్నవన్నీ టయోటా బండ్లే. వాటిలో ఎక్కువ 70 సిరీస్ ల్యాండ్ క్రూజర్లు. 1984లో మొదలైన ఆ బండికి వెనక ఇప్పటికీ కమాను పట్టీలే (లీఫ్ స్ప్రింగులు). మాకు ముందు నడిచే బండిని తోలే పెద్దాయన ఖోరిక్సాస్ ప్రాంతం వాడు. ఇక్కడ పెద్దవాళ్లను పిలిచినట్టే నేనూ ఆయనను టాటే అంటాను. మా బండి కింద వంగి చూసి, "టాటే, మీరు కొనాలంటే దీనిలో ముందుగా ఏం చూస్తారు?" అని అడిగాను. "షాక్ పాడైతే ఇక్కడ, ఈ ఊళ్లో, మార్చగలనా లేదా అన్నది" అన్నాడాయన. కమాను పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్లే కొంత ఊపు చచ్చిపోతుంది, షాక్ పోయినా బండి ఇల్లు చేరుతుంది. కాయిల్ స్ప్రింగుకు ఆ గుణం లేదు. మా వాళ్లు సుఖం కోసం కాయిల్ స్ప్రింగు ఎంచుకున్నారు. ఆ నిర్ణయం తప్పని నేను అనను. కానీ దానితో పాటు షాక్ మీద ఎంత భారం పడిందో ఈ మధ్యాహ్నమే తెలిసింది.

తిరుగు దారిలో సగం దూరం రాకముందే బండి వెనక భాగం తేలడం మొదలుపెట్టింది. ఆపి లాగర్ చూస్తే ముందు షాకులు 84 డిగ్రీల దగ్గర ఉన్నాయి, వెనక కుడిది 104, ఎడమది 122. చక్రం ఊపును షాక్ అణచడమంటే ఆ శక్తిని నూనెలో వేడిగా మార్చడమే. వేడెక్కిన నూనె పలచబడుతుంది, నురగ కడుతుంది, చివరికి పిస్టన్‌కు ఎదురు నిలిచేది ఏమీ ఉండదు. ఎడమ షాక్ సీలు దగ్గర నూనె చెమర్చి, దాని మీద దుమ్ము అట్ట కట్టింది. ఆ అట్ట గాలిని ఒంటికి తగలనివ్వక వేడిని మరింత పట్టి ఉంచుతుంది. టైర్ల గాలి చూస్తే ఉదయం కంటే నాలుగు పీఎస్‌ఐ మాత్రమే పెరిగింది, కనుక టైర్లు తమ పని తాము సరిగానే చేశాయి. నలభైకి మించకుండా నడుపుకుంటూ పామ్‌వాగ్ చేరాం.

దుమ్ము విషయం మాత్రం ఊరటగా ఉంది. లోపలి గాలినే తిప్పకుండా బయటి గాలిని పీల్చేలా పెట్టి, ఫ్యాను గట్టిగా తిప్పితే క్యాబిన్‌లో ఒత్తిడి కొంచెం పెరిగి, తలుపు సందుల్లోంచి దుమ్ము రాదు. వెనక తలుపు లోపల కట్టిన తెల్లగుడ్డ సాయంత్రానికి కూడా దాదాపు తెల్లగానే ఉంది. పసుపు గీతల్లో ఒక్కటే విడిపోయింది, స్పేర్ టైరు బ్రాకెట్ దగ్గర.

ఇండోర్ దగ్గర పీథంపూర్‌లోని నాట్రాక్స్ లాంటి పరీక్షా కేంద్రాల్లో ట్రాక్‌లు ఎంతో శ్రద్ధగా కట్టినవి. అక్కడ తేలిన లోపాలను దిద్దిన తరువాతే ఇక్కడికి వస్తాం. అయితే ట్రాక్ చివరికి రాగానే బండి మలుపు తిరుగుతుంది, ఆ కాస్త వ్యవధిలో షాక్ చల్లారుతుంది. ఇక్కడ మలుపు లేదు, చల్లారే వేళ లేదు. కాబట్టి ఈ లోపం ఇక్కడే బయటపడింది, అమ్మకానికి వెళ్లకముందే బయటపడినందుకు నాకు నిజమైన తృప్తి ఉంది. ఈ దారిలో ఆస్పత్రికి రోగిని తీసుకెళ్లే బండి మలుపు దగ్గర ఇలా తేలకూడదు.

తేల్చుకోవలసింది ఒకటే. ఎడమ షాక్‌కు పక్కనే సైలెన్సర్ గొట్టం పోతోంది. కుడికీ ఎడమకూ మధ్య ఉన్న 18 డిగ్రీల తేడా దానిదేనని నా అనుమానం. కుడివైపు 104 కూడా ఎక్కువే, అది మాత్రం రోడ్డు పెట్టిన వేడి. రేపు వెనక రెండింటికీ కొత్త షాకులు బిగించి, ఎడమ దానికీ గొట్టానికీ మధ్య అల్యూమినియం రేకు అడ్డు కట్టి, అదే బరువుతో, అదే గాలితో, అదే వేగంతో మళ్లీ సెస్‌ఫొంటేన్ దాకా నడపాలి. రెండు వైపులా అంకెలు కలిస్తే రేకు సరిపోతుందని ఎడమవైపుకు రాస్తాను, రెండు వైపులకూ ఎక్కువ నూనె పట్టే పెద్ద షాక్ కావాలని ఎలాగూ రాస్తాను.