అంబాసిడర్ మానిఫోల్డ్ లీకు: ప్యాకింగ్ మార్చినా ఎందుకు ఆగలేదంటే

పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఇంజన్ పక్క నుంచి టక్ టక్ మని చప్పుడొచ్చి, పది నిమిషాలు నడిచాక తగ్గిపోతుంటే టాపెట్ల (వాల్వులను కదిలించే భాగాలు) జోలికి వెళ్లకండి. ముందు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ పొగను సైలెన్సర్ పైపులోకి పంపే గొట్టం) చూడండి. దాని బీడు (పోత ఇనుము) వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటుంది, అందుకే చప్పుడు తగ్గుతుంది. గ్యాప్ ఎక్కువైన టాపెట్ వేడెక్కినా కొట్టుకుంటూనే ఉంటుంది.

నా బండి 1978 మార్క్ 3, 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. దీంట్లో ఇన్‌లెట్ (గాలి, పెట్రోల్ లోపలికి వెళ్లే మానిఫోల్డ్), ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన, ఒకే ప్యాకింగ్ (జాయింట్‌లో సందు మూసే గ్యాస్కెట్) మీద కూర్చుంటాయి. కాబట్టి లీకు ఉంటే పొగ బయటికి రావడమే కాదు, ఇన్‌లెట్ వైపు గాలి లాగి ఐడిలింగ్ కూడా నిలవదు. ఆక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో పటపట పేలుతున్నా ఇదే అనుమానించాలి.

ఎక్కడ లీకవుతోందో చూడటానికి చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి, వెలిగించిన అగరుబత్తిని జాయింట్ వెంబడి నెమ్మదిగా జరిపాను. ఒకటో పోర్ట్ (మానిఫోల్డ్ కలిసే ఇంజన్ రంధ్రం) దగ్గర పొగ ఎగిరి చెదిరింది. అక్కడే మసి చార కూడా కనిపించింది. ఈ పరీక్ష ఆరుబయటే చేయాలి. మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. పెట్రోల్ పైపు, కార్బొరేటర్ తడిగా ఉంటే అగరుబత్తి ముట్టించనే వద్దు.

నట్లు విప్పడానికి తొందర పనికిరాదు. ముందు రోజు రాత్రే డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేశాను, పొద్దున మళ్లీ కొట్టాను. హాఫ్ ఇంచ్ రింగ్ పానాతో కొంచెం విప్పి, కొంచెం బిగించి, మళ్లీ విప్పాలి. ఒకే దమ్ములో లాగితే స్టడ్ (నట్టు ఎక్కే మర కడ్డీ) తెగుతుంది. నాకు చివరి స్టడ్ తెగింది. మిగిలిన మొండెం మీద నట్టు పెట్టి లోపల వెల్డింగ్ చేయించాం. ఆ వేడికే పట్టు వదిలి, పానాతో తేలిగ్గా వచ్చేసింది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ టెర్మినల్ తీసేయాలి.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొత్త ప్యాకింగ్ తెచ్చి వేశాను. వారం తిరక్కముందే మళ్లీ టక్ టక్. అప్పుడు మానిఫోల్డ్ విప్పి స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు బద్ద) ఆనించి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూర్చితే, రెండు చివర్లలో 0.35 ఎంఎం సందుంది. అంత సందుంటే ప్యాకింగ్ ఎంత మంచిదైనా ఆపలేదు. ఎగ్జాస్ట్ ఒక్కదాన్నే విడదీసి హైదరాబాద్ బాలానగర్‌లో సర్ఫేస్ గ్రైండింగ్‌కి (ముఖాన్ని అరగదీసి చదును చేయడానికి) ఇచ్చాను. 0.4 ఎంఎం తీశారు, ముఖం అద్దంలా వచ్చింది. అయినా లీకు ఆగలేదు.

కారణం వాషర్లు చెప్పాయి. ఈ ఇంజన్‌లో ఒకే మందపాటి వాషర్ సగం ఇన్‌లెట్ ఫ్లాంజి (నట్టు బిగించే చదునైన అంచు) మీద, సగం ఎగ్జాస్ట్ ఫ్లాంజి మీద ఆనుతుంది. తీసి చూస్తే ఇన్‌లెట్ వైపు అర్ధచంద్రాకారంలో మెరుస్తున్న ఒత్తిడి గుర్తు ఉంది, ఎగ్జాస్ట్ వైపు నల్లటి మసి తప్ప గీత కూడా లేదు. నేను ఎగ్జాస్ట్‌ని పలుచన చేశాను, ఇన్‌లెట్ పాత మందంలోనే ఉంది. నట్టు ఎంత బిగించినా వాషర్ ఒరిగి ఇన్‌లెట్‌నే నొక్కుతోంది. వెర్నియర్‌తో (మందం కొలిచే సాధనం) కొలిస్తే తేడా సరిగ్గా ఆ 0.4. ఇన్‌లెట్ ముఖం కూడా అంతే తీయించాక రెండు ఫ్లాంజిలు సమానమయ్యాయి. గ్రైండింగ్‌కి ఇచ్చేటప్పుడే రెండూ ఇచ్చి, మందం సమానంగా రావాలని చెప్పాలి. ఒరిగిన పాత వాషర్లు పారేయండి.

బిగించే ముందు ఇంజన్ హెడ్ (మానిఫోల్డ్ ఆనే పై భాగం) ముఖాన్ని గీకి శుభ్రం చేసి, ప్యాకింగ్‌ని పోర్ట్ మీద పెట్టి చూసుకోవాలి. అంచు లోపలికి తొంగిచూస్తే కాలిపోతుంది. చిల్లుల రేకు ఉన్న వైపు మానిఫోల్డ్‌కి రావాలి. సిలికాన్ పూయొద్దు, ఎగ్జాస్ట్ వేడికి అది మాడిపోతుంది, ఊడిన ముక్కలు ఇన్‌లెట్‌లోకి పోతాయి. ఇనుప నట్ల బదులు ఇత్తడివి వాడాను, అవి తుప్పుతో పట్టేయవు. నడిమి నుంచి చివరలకు, మూడు విడతల్లో: ముందు 7, తర్వాత 14, చివరికి 20 న్యూటన్ మీటర్లు (టార్క్ రెంచ్ చూపించే బిగింపు బలం). ఇవి 5/16 ఇంచ్ స్టడ్లు, అంతకు మించితే త్రెడ్లు పోతాయి.

సైలెన్సర్ హ్యాంగర్ రబ్బర్లు, ఇంజన్ మౌంటింగులు కూడా చూసుకోవాలి. అవి చిరిగితే పైపు బరువంతా మానిఫోల్డ్ మీద పడి బీడు పగులుతుంది. పగిలితే మామూలు రాడ్‌తో వెల్డింగ్ వద్దు, నికెల్ రాడ్ వేయించాలి, ముందు వేడిచేసి ఆ తర్వాత బూడిదలో కప్పి నెమ్మదిగా చల్లారనివ్వాలి. నా దాంట్లో పగులు లేదు, ఆ ఖర్చు తప్పింది.

మొదటి సారి బాగా వేడెక్కించి, పూర్తిగా చల్లారాక మళ్లీ టార్క్ రెంచ్ పెడితే చివరి రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి. 300 కిలోమీటర్ల తర్వాత చూస్తే ఒక్కటీ కదల్లేదు. వేడి మీద మాత్రం ఎప్పుడూ బిగించొద్దు. ఆ తర్వాత కార్బొరేటర్ ఐడిలింగ్ స్క్రూ కొంచెం తగ్గించాల్సి వచ్చింది.