బ్యారను, బేళ్లు, కౌంటు: కథలో ఇంగ్లీషు మాట అచ్చుదాకా నిలవాలంటే

కందుకూరు వైపో కొండపి వైపో పొగాకు పండే ఊళ్లో కథ నడుస్తోందంటే అందులోకి 'బ్యారన్' రాక తప్పదు. ఆకును వేడితో ఆరబెట్టి క్యూరింగు చేసే ఆ ఇంటిని ఇంగ్లీషువాళ్లు బార్న్ అంటారు. చివరి జంటహల్లు మన నోటికి పడదు కాబట్టి మధ్యలో ఒక అచ్చు చేరి బ్యారన్ అయింది. కథ పత్రికకో డీటీపీకో వెళ్లాక, ఇంగ్లీషు బాగా వచ్చిన ఎవరో ఒకరు దాన్ని 'బార్న్' అని దిద్దుతారు. ఆ దిద్దుబాటుతో రైతు కాస్తా వ్యవసాయ శాఖ ఆఫీసరులా మాట్లాడతాడు. అసలు పాత ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం 'బార్లీ ఇల్లు'. బార్లీ పోయి పొగాకు వచ్చినా పేరు మారలేదు. అచ్చు ఒకటి చేరితే తప్పేముంది?

ఇలాంటి మాటలు మన వైపు కుప్పలు. చీమకుర్తి నల్లరాయికి గెలాక్సీ అని పేరు. గ్రీకులో 'గాలా' అంటే పాలు. మనం పాలపుంత అన్నదీ వాళ్లు గెలాక్సీ అన్నదీ ఒకే చూపు. రాయి మాత్రం కారునలుపు. క్వారీ లాటిన్ నుంచి వచ్చింది, రాతిని చదరంగా చెక్కే చోటు అని. అక్కడ దిమ్మెలు కోయడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఇక ఫారం. దరఖాస్తు ఫారం ఒక మాట, కోళ్లఫారం ఇంకో మాట, ఇంగ్లీషులో రెంటికీ వేళ్లు వేరు. కోళ్లఫారంలోని ఫారం మొదట్లో పొలం కానే కాదు, పొలానికి ఏటా కట్టే ఖాయం మొత్తం. అంటే కౌలు! ఈ పుట్టుపూర్వోత్తరాలు కథలో చెప్పమనడం లేదు, చెబితే కథ చచ్చిపోతుంది. శీర్షిక పెట్టేటప్పుడు, ఉపమానం వేసేటప్పుడు రాసేవాడికి తెలిసుంటే చాలు.

మాట మనదైందా లేదా అన్నదానికి నేను నమ్మే పరీక్ష బహువచనం. కాలు–కాళ్లు, వేలు–వేళ్లు అన్నట్టే రైలు–రైళ్లు, జైలు–జైళ్లు, ఫైలు–ఫైళ్లు. వేలం కేంద్రానికి వెళ్లే పొగాకు బేలు, అంటే ఆకు కట్టిన మూట, కూడా బేళ్లు అయింది. ఇంగ్లీషులో లేని 'ళ' దానికి వచ్చిందంటే ఇంటిపేరు మారినట్టే. అలాంటి మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకూడదు, పక్కన అర్థం రాయకూడదు. 'బేల్స్' అని ఒక పాత్ర అంటే అతను కంపెనీ తరఫున కొనడానికి వచ్చినవాడని, 'బేళ్లు' అంటే పండించినవాడని పాఠకుడికి ఇట్టే తెలిసిపోతుంది. పాత్ర పరిచయానికి నాలుగు వాక్యాలు ఖర్చు పెట్టే పని తప్పుతుంది.

అర్థం తలకిందులయ్యే మాటలతో ఇంకా జాగ్రత్త కావాలి. రొయ్యల గుంటల దగ్గర ఈ సంభాషణ చూడండి:

"ఏంది బావా, కౌంటెంత?"
"పోయిన వారం యాభై. ఇప్పుడు నలభై అయిదుకి దిగింది."
"ఇంకేం, నువ్వు గట్టెక్కినట్టే."

కౌంటంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య. 50 కౌంటంటే రొయ్య 20 గ్రాములు, 45 అంటే 22 గ్రాముల పైచిలుకు. అంకె దిగితే రొయ్య పెరిగినట్టు, ధర కూడా పెరుగుతుంది. ఇది తెలియని ప్రూఫ్ రీడరు 'దిగింది'ని 'పెరిగింది' అని మార్చేస్తే చదివిన రైతు నవ్వుతాడు. తెలియని పాఠకుడి కోసం కింద ఫుట్‌నోటు వేయడం నాకు నచ్చదు. మూడో వాక్యం ఆ పని చేసేసింది: బావ గట్టెక్కాడంటే దిగడం మంచిదేనని ఎవరికైనా అర్థమవుతుంది. అర్థాన్ని ఎదుటి మనిషి జవాబులో దాచడం ఫుట్‌నోటు కంటే ఎప్పుడూ మేలు.

రాతలో పాటించాల్సిన పద్ధతి కష్టమైందేం కాదు. పొట్టి అచ్చు తర్వాత హల్లు ఒత్తుతుంది: బస్సు, పెన్ను, కప్పు. పొడుగు అచ్చు తర్వాత ఒత్తదు: బోటు, గేటు, కోటు. రోడ్డు ఈ లెక్కకు లొంగలేదు, దాన్ని వదిలేయండి. కథకుడి వాక్యంలో 'స్కూలు' ఉండి పాత్ర నోట 'ఇస్కూలు' వస్తే అది తప్పు కాదు. కథకుడే ఒక పేజీలో స్కూల్, ఇంకో పేజీలో స్కూలు అంటే మాత్రం తప్పే.

అందుకే కథల కట్టతోపాటు ఒక మాటల పట్టిక ఇవ్వాలి. ఒక్క కాగితం చాలు. కథకుడు రాసే రూపం, పాత్రలు పలికే రూపం, బహువచనం: మూడు గడులు. పైన ఒక వాక్యం: 'ఇవి కావాలని రాసినవి, దిద్దవద్దు.' సంపాదకుడికీ డీటీపీ ఆపరేటరుకీ ప్రూఫ్ చూసేవాళ్లకీ అదే కాగితం వెళ్లాలి.

డీటీపీలో ఇంగ్లీషు మాటలకు ఇంకో గండం ఉంది. మనం యూనికోడ్‌లో టైపు చేసినదాన్ని చాలాచోట్ల యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలోకి మార్చి పేజీలు కడతారు. పొల్లు పక్కన హల్లు వచ్చినప్పుడు రెండూ అతుక్కోకుండా ఆపే కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంటుంది. అది జారిపోతే 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అవుతుంది, 'ఫేస్‌బుక్' కాస్తా 'ఫేస్బుక్' అవుతుంది. మొదటి ప్రూఫులో ముందు వెతకాల్సింది వీటినే. అసలు ఉకారం చేర్చి రాస్తే సగం బెడద ఉండదు. 'బ్యారన్‌కి' బదులు 'బ్యారనుకి' అంటే అతుక్కోవడానికి పొల్లే లేదు. తెలుగు మాట అచ్చుతో ముగియాలన్న పాత అలవాటు కంప్యూటర్లోనూ పనికొస్తోంది.

కథలు పుస్తకంగా వేసేటప్పుడు పేజీల లెక్కలో మళ్లీ ఫారం వస్తుంది, ఈసారి ప్రెస్సువాళ్ల ఫారం. డెమీ 1/8 సైజులో ఒక ఫారమంటే 16 పేజీలు. 12 కథలు, ఒక్కోటి 1,500 మాటలు అనుకుంటే మొత్తం 18,000. పేజీకి సుమారు 220 మాటలు పడితే 82 పేజీలు. ప్రతి కథా కొత్త పేజీలో మొదలవుతుంది కాబట్టి ఖాళీలకు ఇంకో 6, ముందుమాట, విషయసూచిక వగైరాలకు 8 వేసుకుంటే 96, అంటే సరిగ్గా 6 ఫారాలు. 97వ పేజీ వచ్చిందా, అర ఫారమో ఫారమో అదనంగా కొనాలి. అప్పుడు ముందుమాటలో కోత వేయండి, కథల జోలికి పోవద్దు.

పత్రికకు పంపే కథకు హామీపత్రం జతచేయాలి: సొంత రచన, అనువాదం గానీ అనుసరణ గానీ కాదు, మరెక్కడా అచ్చు కాలేదు, పరిశీలనలో లేదు. ఒకే కథ రెండు పత్రికలకు పంపి రెంటిలోనూ పడితే ఆ తర్వాత రెండు చోట్లా తలుపు మూసుకుంటుంది.

పుస్తకం సొంతంగా వేసుకుంటే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తుపట్టే అంతర్జాతీయ నంబరు) కోసం రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది ఉచితం, మధ్యలో డబ్బు అడిగేవాళ్ల మాట వినొద్దు. అచ్చు పుస్తకానికీ ఈబుక్‌కీ నంబర్లు వేరు. ప్రచురణకర్త వేస్తానంటే ఒప్పందం కాగితం మీద, సంతకంతో ఉండాలి. 1957 కాపీరైటు చట్టం 19వ సెక్షను ప్రకారం హక్కుల బదిలీకి గడువు రాయకపోతే 5 ఏళ్లు అనుకోవాలి, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. అనువాద హక్కులు ఇస్తున్నారో లేదో విడిగా రాయించండి. రేపు ఇంగ్లీషు అనువాదంలో మీ పందికొక్కు 'బాండికూట్' అవుతుంది, ఆ మాట మన తెలుగు నుంచే అక్కడికి వెళ్లింది. కానీ ఆస్ట్రేలియాలో అదే పేరు పొట్టసంచీ ఉండే వేరే జంతువుకు పెట్టారు. అందుకని ధాన్యం కొట్లో తిరిగే జంతువని వాక్యంలోనే తెలిసేలా చూడమని అనువాదకుడికి చెప్పాలి.

పుస్తకం బయటికొచ్చిన 30 రోజుల్లోగా కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి ఒక ప్రతి, చెన్నై, ముంబై, ఢిల్లీల్లో చట్టం చెప్పిన గ్రంథాలయాలకు ఒక్కోటి పంపాలి. 1954 చట్టం అది. సొంతంగా వేసుకున్నవాళ్లే ప్రచురణకర్తలు కాబట్టి పోస్టు ఖర్చు కూడా వాళ్లదే.