కొక్కేనికి తుప్పు పట్టదు

నెల రోజులుగా ఆఫీసు నుంచి నేరుగా థియేటరుకు, అక్కణ్ణించి రాత్రి పదకొండింటికి ఇంటికి. సౌత్ కరోలినాలో మేముండే ఊళ్ళో ‘పోర్గీ అండ్ బెస్’ ఒపెరా (మొత్తం పాటలతో నడిచే నాటకం) వేశారు. నేను ప్రాప్స్ బల్ల దగ్గర వాలంటీర్ని. ఫోన్లో చెబితే అమ్మ వెంటనే, “నువ్వూ పాడతావుటే?” అంది. లేదమ్మా, ఇందులో నల్లవాళ్ళ పాత్రలన్నీ నల్లవాళ్ళే వెయ్యాలని దీనికి సంగీతం కట్టిన జార్జ్ గెర్ష్విన్ వారసుల షరతు. నా పని తెర వెనక సామాను అందించడం.

బల్ల మీద బ్రౌన్ పేపరు పరిచి, ఒక్కో వస్తువు చుట్టూ మార్కరుతో గీత గీస్తాం. ఖాళీ గీత కనబడిందంటే ఏదో స్టేజి మీదే ఉండిపోయిందన్నమాట. నా గీతల్లో ఏమున్నాయంటే: పాచికలు, కత్తి, మత్తుమందు పొట్లం (గ్లూకోజు పొడి), సాసరు, పత్తి కొక్కెం (కూలీలు పత్తి బేళ్ళు లాగేది). ఈ ఒపెరా అంటే పడనివాళ్ళు చేసే ఫిర్యాదు కూడా అచ్చం ఈ జాబితాయే. నల్లవాళ్ళ బతుకంటే తెల్ల రచయితలకు జూదం, మత్తు, కత్తులేనా అని. బల్ల ముందు నిలబడి చూస్తే వాళ్ళ మాట తోసెయ్యలేకపోయాను.

కథ మా రాష్ట్రంలోనే, చార్ల్‌స్టన్ రేవు కూలీల వాడలో. డ్యూబోస్ హేవార్డ్ 1925లో రాసిన నవల దీనికి మూలం. చర్చ్ స్ట్రీట్‌లో క్యాబేజ్ రో అనే పాత ఇళ్ళను ఆయన కాట్‌ఫిష్ రోగా మార్చాడు. గెర్ష్విన్ 1934 వేసవిలో ఫాలీ బీచ్‌లో మకాం పెట్టి, పక్క దీవుల్లోని గల్లా జనం (బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతివాళ్ళు) ప్రార్థనలకు వెళ్ళి వాళ్ళతో కలిసి గొంతెత్తాడట. కానీ వాళ్ళ పాటలు తెచ్చి అతికించలేదు, అన్నీ తనే కట్టాడు. తుఫాను సీనులో ఆరుగురు ఎవరి ప్రార్థన వాళ్ళు చేస్తుంటారు. వింటే అంతా గందరగోళం, ఎవరి గోల వారిది. హెడ్‌ఫోన్‌లో మాత్రం మా స్టేజ్ మేనేజర్ స్కోరు (స్వరాలన్నీ రాసిన పుస్తకం) చూస్తూ లెక్కపెడుతుంటుంది. అదంతా కాగితం మీద రాసిందే! 1935లో న్యూయార్క్‌లో ఆడినప్పుడు మత్తుమందు అమ్మే స్పోర్టిన్ లైఫ్ పాత్ర వేసిన జాన్ బబుల్స్‌కి నోటేషన్ చదవడమే రాదు, ఆయన ట్యాప్ డాన్సర్. పోర్గీ వేసిన టాడ్ డంకన్ హోవర్డ్ యూనివర్సిటీలో సంగీతం మేష్టారు. ఇద్దరికీ రిహార్సల్ చేయించినవాళ్ళకి దండం పెట్టాలి. 124 ప్రదర్శనలయ్యాక టూరులో వాషింగ్టన్ వెళితే, నల్లవాళ్ళకు వేరే సీట్లంటే మేం ఆడమని నటీనటులు పట్టుబట్టి ఆ ఆటల వరకూ ఆ థియేటరు నియమం మార్పించారు.

ఇక కొక్కెం సంగతి. మొదటి అంకంలోనే జూదంలో గొడవై రేవు కూలీ క్రౌన్ ఆ పత్తి కొక్కెంతో రాబిన్స్‌ను చంపేస్తాడు. మా వాళ్ళు రబ్బరుతో చేయించి, పాతదిగా కనబడాలని నిండా తుప్పు రంగు పూశారు. చూడగానే తప్పని తెలిసింది. మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా. హమాలీలు టిక్కీలు (మిర్చి బస్తాలు) లాగే కొక్కేలు నా చిన్నప్పుడంతా చూశాను. రోజూ వాడే కొక్కేనికి తుప్పు పట్టదు. గోతాల్లో దిగి దిగి మొన వెండిలా మెరుస్తుంది, పిడి చెమటకి నల్లబడి నున్నగా అవుతుంది. తుప్పు పట్టిందంటే ఆ మనిషికి చాన్నాళ్ళుగా పని లేదని అర్థం. క్రౌన్ అలాంటివాడు కాదు కదా. ఇదంతా చెబితే ప్రాప్స్ పెద్దాయన కాసేపు నన్నే చూసి, రంగు డబ్బా నా చేతికిచ్చాడు. క్రౌన్ వేసిన గాయకుడు దాన్ని అందుకుని, తిప్పి చూసి, నడుముకి దోపుకున్నాడు. అప్పటిదాకా చేత్తో పట్టుకుని తిరిగేవాడు.

సాసరు నన్ను ఏడిపించింది. రాబిన్స్ శవం గుండెల మీద సాసరు పెట్టి అంత్యక్రియలకు చందాలు వేస్తారు, కోరస్ అది నిండాలని పాడుతుంది. డ్రెస్ రిహార్సల్‌లో చిల్లర మోత రాబిన్స్ భార్య సెరీనా ఏడుపుని మింగేసింది. అడుగున ఫెల్టు గుడ్డ అంటించాను. మొదటి షో బాగా జరిగింది. రెండో షోలో ఒక నాణెం అంచుకి తగిలి, దొర్లుకుంటూ వెళ్ళి స్టేజి ముందు వాద్యాలవాళ్ళు కూర్చునే ఆర్కెస్ట్రా పిట్‌లో పడింది. నా గుండె దానికంటే ముందు పడింది. విరామంలో డబుల్ బేస్ వాయించే ఆవిడ మెట్లెక్కి వచ్చి, బల్లంతా వెతికి, సాసరు గీత లోపల ఆ నాణెం పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా కాఫీకి వెళ్ళిపోయింది.