జవాబు ఎవరికి? హిస్టరీ ఆప్షనల్‌తో నా మూడు అటెంప్ట్‌లు

సివిల్స్ ఫైనల్ రిజల్ట్ వచ్చి నాలుగు రోజులైంది. పీడీఎఫ్‌లో నా రోల్ నంబర్ చూసుకున్నాక కూడా నమ్మకం చాలక, ఒక్కో అంకె అమ్మ చేత పైకి చదివించుకున్నాను. మూడేళ్లుగా ఇంట్లో ఎవరూ నన్ను "ఏమైంది?" అని అడగలేదు. అడగకుండా ఉండడానికి వాళ్లెంత కష్టపడ్డారో ఆ రోజు అమ్మ ఏడుస్తుంటే అర్థమైంది.

ప్రిలిమ్స్ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. పాత పేపర్లు, ఎన్‌సీఈఆర్‌టీలు, వారానికి రెండు మాక్‌లు, అందరూ చేసేదే. జీఎస్‌లో (జనరల్ స్టడీస్) నా మార్కులు మామూలుగానే ఉన్నాయి. నన్ను ఒడ్డున వేసింది ఆప్షనల్ పేపర్-2, ఎస్సే. ఈ రెండింట్లోనూ పనికొచ్చింది ఒకే ఒక్క మాట, జవాబుదారీతనం. అంతకుముందు ఏడాది నేను మునిగింది కూడా ఆ మాట దగ్గరే. అందుకే మిగతావి వదిలేసి దాని గురించే రాస్తున్నాను.

రెండో అటెంప్ట్ మెయిన్స్‌కి నెలన్నర ముందు నేను రాస్తున్న టెస్ట్ సిరీస్‌లో ఇరవై మార్కుల ప్రశ్న ఒకటి వచ్చింది. యుద్ధకాలంలో ప్రజాస్వామ్యానికీ నిరంకుశ పాలనకీ తేడాని అకౌంటబిలిటీ కోణంలో పరిశీలించమని. నాది తెలుగు మీడియం. అకౌంటబిలిటీ అని కనిపించగానే చెయ్యి దానంతటదే "బాధ్యత" అని రాసేసింది. ఆ తర్వాత రెండున్నర పేజీలు గబగబా నింపాను. ప్రజాస్వామ్య నాయకులు బాధ్యతగా ఉంటారు, నియంతలు బాధ్యత లేకుండా ఉంటారు, అందుకే రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ప్రజాస్వామ్యాలు గెలిచాయి అని. పన్నెండు మార్కులు వస్తాయనుకున్నాను. ఆరు వచ్చాయి. మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో రెండు ప్రశ్నలు: "బాధ్యత ఎవరికి?" "స్టాలిన్ కూడా గెలిచాడు కదా?"

నాకు చాలా కోపం వచ్చింది. దిద్దినవాళ్లకి తెలుగు మీడియం అంటే చులకన అనుకున్నాను. ఆ కాపీని అట్ట కింద పెట్టేసి మళ్లీ తెరవలేదు. ఆ ఏడాది మెయిన్స్ కట్ ఆఫ్‌కి పదకొండు మార్కుల దూరంలో ఆగిపోయాను. ఆప్షనల్ పేపర్-2లో 250కి 91.

మార్కుల షీట్ వచ్చిన రాత్రి ఆ పాత కాపీ తీశాను. ఆ ఎర్ర ఇంకు ప్రశ్నలు రెండూ నూటికి నూరుపాళ్లు సరైనవి. బాధ్యత అనేది మనిషి లోపల ఉండేది. ప్రతి నియంతా తనకి జాతి పట్ల బాధ్యత ఉందనే చెప్పుకున్నాడు, కొందరు నిజంగా నమ్మారు కూడా. ప్రశ్న అడిగింది బాధ్యత గురించి కాదు, జవాబుదారీతనం గురించి. ఆ మాట విప్పి చూడండి. జవాబు చెప్పాల్సినవాడు ఒకడున్నాడంటే, అడిగేవాడు ఇంకొకడు ఉండాలి. అడగడానికి ఒక చోటుండాలి. పరిస్థితి చెయ్యి దాటకముందే అడిగే వీలుండాలి. జవాబు నచ్చకపోతే ఆ మనిషిని దింపే అధికారం అడిగేవాడికి ఉండాలి. ఈ నాలుగూ బయట ఉండేవి. నాయకుడి మంచితనంతో వాటికి పనిలేదు.

మర్నాటి నుంచి వరల్డ్ హిస్టరీ నోట్స్ మొత్తం తిరగరాశాను. పేజీని నిలువునా రెండుగా మడిచి, ఒకే కాలంలో రెండు దేశాల్లో ఏం జరిగిందో ఎదురెదురుగా పెట్టాను. నా బుర్రలో దీపం వెలిగింది 1942 పేజీ దగ్గర.

ఎడమవైపు: 1942 ఏప్రిల్ 26. జర్మనీ పార్లమెంటు రైక్‌స్టాగ్ చివరిసారి సమావేశమైంది. న్యాయవ్యవస్థ మీద కూడా హిట్లర్‌దే తుది మాట అని ఆమోదించి లేచిపోయింది. నాజీ పాలనలో మళ్లీ కూర్చోలేదు.

కుడివైపు: 1942 జూలై 2, బ్రిటన్. పది రోజుల క్రితమే లిబియాలోని టోబ్రుక్ రేవు పడిపోయి, ముప్పై వేలకు పైగా సైనికులు జర్మన్ సేనాని రోమెల్ సేనకి బందీలయ్యారు. ఆఫ్రికాలో యుద్ధం ఇంకా నడుస్తోంది. అలాంటి సమయంలో కామన్స్ సభలో చర్చిల్ మీద అవిశ్వాసం లాంటి తీర్మానం పెట్టి రెండు రోజులు ఉతికారేశారు. 475-25 తేడాతో ఆయన నెగ్గాడు. నెగ్గడం ముఖ్యం కాదు. నిలబడి జవాబు చెప్పాల్సి రావడం ముఖ్యం. రెండేళ్ల ముందు అప్పటి ప్రధాని నెవిల్ ఛాంబర్లేన్ కూడా అలాగే నెగ్గాడు. నార్వేలో జర్మన్లని ఆపలేకపోయిన వైఫల్యం మీద 1940 మే 7, 8 తేదీల్లో జరిగిన చర్చలో ఓటు 281-200. రెండు వందలు దాటిన మెజారిటీ 81కి పడిపోయింది, సొంత పార్టీవాళ్లే ఎదురు ఓటేశారు. లెక్కలో గెలిచినా మే 10న గద్దె దిగాడు. ఆ ఉదయమే జర్మన్ సేనలు హాలండ్, బెల్జియంల మీద పడ్డాయి. శత్రువు గడపలో ఉండగా ప్రధానిని మార్చుకున్న దేశం అది.

అదే 1942 శరదృతువులో జర్మనీలో సైన్యపు జనరల్ స్టాఫ్ అధిపతి హాల్డర్ అభ్యంతరాలు చెబుతుంటే హిట్లర్ ఆయన్ని తప్పించాడు. ఐదు నెలలు తిరగకుండా స్టాలిన్‌గ్రాడ్‌లో తొంభై వేల మందికి పైగా లొంగిపోయారు. దానికి హిట్లర్‌ని సంజాయిషీ అడిగే చోటు ఆ దేశంలో ఒక్కటి కూడా మిగల్లేదు. జపాన్ పేజీలో మిడ్‌వే నౌకాయుద్ధం ఉంది. 1942 జూన్‌లో నాలుగు విమానవాహక నౌకలు మునిగితే నౌకాదళం ప్రజలకి చెప్పలేదు, గాయపడ్డ నావికుల్ని ఎవరినీ కలవనివ్వకుండా ఆసుపత్రుల్లో ఉంచింది. ఓడిపోయామని తెలియని జనం ఎందుకు ఓడిపోయామని ఎలా అడుగుతారు?

ఇక్కడితో ఆపేస్తే పన్నెండు మార్కులు. పైకి వెళ్లాలంటే రెండో ఎర్ర ఇంకు ప్రశ్న దగ్గర కూర్చోవాలి. స్టాలిన్ గెలిచాడు. 1937-38 ప్రక్షాళనలో ఐదుగురు మార్షల్స్‌లో, అంటే అత్యున్నత సేనానుల్లో, ముగ్గురిని చంపించాడు, 1941 జూన్ 22 జర్మన్ దాడి గురించి వచ్చిన హెచ్చరికల్ని పక్కన పెట్టాడు. అయినా నేర్చుకున్నాడు. 1942 అక్టోబరులో కమాండర్ల నెత్తి మీద కమిస్సార్ల (పార్టీ పెట్టిన రాజకీయ అధికారుల) పెత్తనం తీసేశాడు, జుకోవ్, వసిలేవ్‌స్కీ లాంటి సేనానుల మాట వినడం మొదలుపెట్టాడు. నిరంకుశ పాలన కూడా తప్పు దిద్దుకోగలదు, కానీ అది ఒక్క మనిషి ఇష్టం మీద ఆధారపడి ఉంటుంది. దిద్దుకోకపోతే దిక్కు లేదు. సోవియట్ మరణాలు సుమారు 2 కోట్ల 70 లక్షలు. వాటన్నిటికీ కారణం స్టాలిన్ తప్పులే అని రాయకండి, అది నిజం కాదు. ఆ తప్పుల వాటా ఎంతో ఆయన బతికుండగా ఆ దేశంలో ఎవరూ బహిరంగంగా అడగలేకపోయారన్నది మాత్రం నిజం.

ప్రజాస్వామ్యాన్ని కూడా వదిలిపెట్టకండి. క్రీ.పూ. 406లో ఆర్గినూసే దగ్గర నౌకాయుద్ధం గెలిచి వచ్చిన సేనానుల్లో ఆరుగురిని ఏథెన్స్ చంపేసింది. నీళ్లలో పడ్డవాళ్లని కాపాడలేదని ఆరోపణ. అందరినీ కలిపి ఒకే ఓటుతో తేల్చేశారు, తర్వాత పశ్చాత్తాపపడ్డారు. అడిగే అధికారం ఉండి, వినే ఓపిక లేకపోతే జరిగేది అదే. దానికి తలకిందులుగా 1964 ఆగస్టు. వియత్నాంలో సైన్యాన్ని వాడే అధికారం అధ్యక్షుడికి ఇచ్చిన టోన్కిన్ గల్ఫ్ తీర్మానానికి అమెరికా ప్రతినిధుల సభలో 416-0, సెనేట్‌లో 88-2. అడిగే చోటు ఉంది, అధికారం ఉంది, అడగలేదు. వియత్నాంలో ఏళ్ల తరబడి దాని ఫలితం అనుభవించి, 1973లో అధ్యక్షుడికి హద్దులు పెట్టే యుద్ధాధికారాల చట్టం తెచ్చుకున్నారు.

ఇక నన్ను నిద్రపోనివ్వని పేజీ ఒకటుంది. చర్చిల్‌ని నిలదీసిన కామన్స్ సభే 1943లో కూడా ఉంది. ఆ ఏడాది బెంగాల్ కరువులో సుమారు 30 లక్షల మంది పోయారు. ఆ సభకి ఒక్క సభ్యుణ్ణి పంపే ఓటు కూడా వాళ్లకి లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఇంతే. 1916 ఏప్రిల్‌లో మెసొపొటేమియాలోని (ఇప్పటి ఇరాక్) కూట్ దగ్గర బ్రిటిష్ సేనలో సుమారు 13 వేల మంది లొంగిపోయారు, అందులో ఎక్కువమంది భారతీయులే. దాని మీద వేసిన మెసొపొటేమియా కమిషన్ నివేదిక వచ్చాక 1917లో భారత వ్యవహారాల మంత్రి ఆస్టిన్ ఛాంబర్లేన్ రాజీనామా చేశాడు. జవాబుదారీతనానికి మంచి ఉదాహరణ అని చాలా నోట్స్‌లో ఉంటుంది, నేనూ అలాగే రాసుకున్నాను. ఆ జవాబు చెప్పింది ఎవరికి? లండన్ పార్లమెంటుకి. బందీలుగా ఎడారిలో నడుస్తూ చనిపోయిన సిపాయిల ఇళ్లకి కాదు. "ఎవరికి?" అన్న ఎర్ర ఇంకు మాట నాకు ఆ పేజీలో పూర్తిగా అర్థమైంది. ప్రజాస్వామ్యంలో జవాబు ఓటు ఉన్నంత మేరకే వెళ్తుంది, ఆ హద్దు దాటాక అదే ప్రభుత్వం నిరంకుశంగా ఉండగలదు. మెయిన్స్‌లో ఈ వాక్యం నేను రెండు చోట్ల వాడాను.

మన దగ్గరి ఉదాహరణ కూడా ఒకటి పెట్టుకోండి. 1962 చైనా యుద్ధం నడుస్తుండగానే రక్షణ మంత్రి కృష్ణ మీనన్ రాజీనామా, 1963 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వం మీద కృపలానీ పెట్టిన అవిశ్వాస తీర్మానం, లోక్‌సభలో అదే మొదటిది. అదే యుద్ధం మీద హెండర్సన్ బ్రూక్స్-భగత్ నివేదికని మాత్రం ప్రభుత్వం అధికారికంగా బయటపెట్టలేదు. రెండూ పక్కపక్కన రాయండి.

ఎస్సేలో చరిత్ర బోధన గురించి రాయాల్సి వస్తే చాలామంది దాన్ని వేరే టాపిక్ అనుకుని సిలబస్, పాఠ్యపుస్తకాల ఒత్తిడి, విలువలు అని మొదలుపెడతారు. నా దృష్టిలో అది వేరే టాపిక్ కాదు. యుద్ధం అప్పుడు అడగలేకపోయిన ప్రశ్నని తరగతి గదిలో అడుగుతాం. అందుకే అధికారంలో ఉన్నవాళ్లకి ఆ గది మీద అంత పట్టు కావాలి. 1918 సెప్టెంబరు 29న యుద్ధవిరమణ కోరమని పట్టుబట్టింది జర్మన్ సేనానులు లూడెన్‌డార్ఫ్, హిండెన్‌బర్గ్. ఏడాది తర్వాత విచారణ సంఘం ముందు హిండెన్‌బర్గ్ సైన్యాన్ని వెనక నుంచి పొడిచారని చెప్పాడు. జవాబు చెప్పాల్సినవాడే కథ చెప్పేవాడయ్యాడు. ఆ కథని ఒక తరం నమ్మింది, దాని ఫలితం మనం హిట్లర్ గద్దెనెక్కిన 1933 తర్వాతి అధ్యాయాల్లో చదువుతున్నాం.

సోవియట్ యూనియన్‌లో 1988లో స్కూలు పిల్లల చరిత్ర పరీక్షలు రద్దు చేశారు, పుస్తకాల్లో ఉన్నది అబద్ధమని ప్రభుత్వమే ఒప్పుకోవాల్సి వచ్చి. పరీక్ష కోసం ఏళ్లు ధారపోసే మనలాంటివాళ్లం ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగాలి. 1939 నాటి జర్మన్-సోవియట్ ఒప్పందపు రహస్య నిబంధనల్ని 1989 డిసెంబరులో, పోలండ్ సైనికాధికారుల్ని చంపిన కాటిన్ హత్యాకాండని 1990 ఏప్రిల్‌లో ఒప్పుకున్నారు. యాభై ఏళ్లు. జపాన్‌లో ఇయెనాగా సబురో అనే చరిత్రకారుడు పాఠ్యపుస్తకాల సెన్సార్ మీద 1965లో కోర్టుకెక్కి 1997 దాకా పోరాడాడు. యుద్ధకాలంలో మనుషుల మీద ప్రయోగాలు చేసిన జపాన్ సైనిక విభాగం యూనిట్ 731 ప్రస్తావన తీసేయమనడం చట్టవిరుద్ధమని చివరికి సుప్రీంకోర్టు తేల్చింది. పూర్తి విజయం కాదు, కానీ అడగడానికి కోర్టు అనే చోటు ఉంది. రష్యాలో 2023లో పై తరగతులకి వచ్చిన పుస్తకంలో ఉక్రెయిన్ యుద్ధం గురించి, అది ఇంకా నడుస్తుండగానే, ప్రభుత్వ వాదనే పాఠంగా ఉంది. యుద్ధం ముగియకముందే తీర్పు రాసిచ్చేశారు, పిల్లలు దాన్ని అప్పజెప్పాలి.

ప్రజాస్వామ్యాల్లో గొడవ ఉండదని కాదు. 1995లో అమెరికా సెనేట్ 99-1 ఓటుతో చరిత్ర బోధనా ప్రమాణాల్ని ఖండించింది. కానీ రాసినవాళ్లు బతికి బట్టకట్టి, బహిరంగంగా వాదించి, సవరించి మళ్లీ ప్రచురించారు. తరగతిలో దేశం గెలుపు చెప్పాలా, తప్పు చెప్పాలా అని అడిగితే నా జవాబు ఒకటే. ఆ రోజు ఎవరు ఏం అడిగారో, ఎవరు ఏం జవాబిచ్చారో ఆధారాలతో పిల్లల ముందు పెట్టాలి. ఇంటర్వ్యూలోనూ ఇదే చెప్పాను. బోర్డులో ఒకరు "దానివల్ల దేశభక్తి తగ్గదా?" అన్నారు. నార్వే చర్చ చదివిన బ్రిటిష్ పిల్లవాడికి తన పార్లమెంటు మీద గౌరవం పెరుగుతుంది తప్ప తగ్గదు సార్ అన్నాను. ఇంకో ప్రశ్న వెయ్యలేదు.

ఆప్షనల్ మార్చుకోమని రెండో అటెంప్ట్ పోయాక అందరూ చెప్పారు. స్కోరింగ్ కాదన్నారు, తెలుగు మీడియంలో హిస్టరీ అంటే ఆత్మహత్యే అన్నారు. నేను మార్చలేదు. మొండితనం అన్నవాళ్లున్నారు. కాదు, ఎక్కడ తప్పు చేశానో నాకు పేజీ నంబరుతో సహా తెలుసు కాబట్టి మార్చలేదు. సబ్జెక్టు మార్చినంత మాత్రాన చదివే పద్ధతి మారదు. రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, ఒక జవాబు రాసి, దాన్ని నేనే ఎర్ర పెన్నుతో దిద్ది, అప్పుడే కొత్త పేజీ తెరిచాను. జ్వరం వచ్చిన రోజు కూడా ఆపలేదు. కోచింగ్ వీడియోలు గంటల కొద్దీ చూసి చదివామనుకునేవాళ్లు దయచేసి ఆలోచించండి, వారంలో మీరు చేత్తో రాసిన పేజీలెన్ని? దిద్దించుకున్నవెన్ని? దిద్దినవాళ్ల మీద కోపం తెచ్చుకోవడంలో నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను.

ఈసారి పేపర్-2లో 138 వచ్చాయి.

తెలుగు మీడియం వాళ్లకి ఒక్క పని చెబుతాను. సిలబస్‌లోని పెద్ద మాటలు ఒక యాభై తీసుకుని, ఒక్కోదానికీ వాడుకలో ఉన్న తెలుగు మాట రాసి, అది ఎవరు ఎవరికి చేసే పనో పక్కన రాసుకోండి. నా జాబితాలో జవాబుదారీతనం, బాధ్యత వేర్వేరు పేజీల్లో ఉన్నాయి. ఎదురెదురు పేజీల నోట్స్ స్కాన్ చేస్తున్నాను, అడిగినవాళ్లకి పంపిస్తాను. ఏథెన్స్ పేజీలు వానకి తడిసిపోయాయి, అవి మళ్లీ రాయడానికి ఇంకో వారం పడుతుంది.